గోడ దాటని వైఫై
మాది నాంపల్లిలో పాత ఇల్లు, గోడలు బాగా మందం. రూటరేమో హాల్లో. వెనక గదిలో చెల్లి ఆన్‌లైన్ పరీక్ష రాస్తుంటే మధ్యలో నెట్ పోయింది. పాపం, ఏడ్చేసింది. రెండో పేపర్‌కి రెండు రోజులే టైముంది!

5 గిగాహెర్ట్జ్‌కి స్పీడెక్కువ, కానీ మందం గోడల దగ్గర చతికిలపడుతుంది. 2.4 ఇంకాస్త దూరం వెళ్తుంది, కాకపోతే పక్కింటి రూటర్ల గోలంతా అందులోనే. అందుకే అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కెళ్లి క్యాట్ 6 కేబుల్ తెచ్చా. 100 మీటర్ల దాకా ఢోకా లేదు.

కంగారులో వాన్ పోర్టు వైరు పీకి, ఇది గుచ్చా. ఇంటిల్లిపాదికీ నెట్ కట్! బయటి లైన్ వచ్చేది అందులోకే. మనం ల్యాన్ అని రాసున్న దాంట్లో పెట్టాలి. తర్వాత ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేశా. రెండో పేపర్ మూడు గంటలూ నెట్ కదల్లేదు.