పాత స్పీకరుకు ముప్పు వాట్లతో కాదు, వోల్టులతో

ఇంగ్లండుకు చెందిన క్వాడ్ సంస్థ 1957లో మార్కెట్లోకి తెచ్చిన ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు కొందరి ఇళ్లలో నేటికీ పనిచేస్తున్నాయి. పీటర్ వాకర్ రూపొందించిన ఈ స్పీకరులో కాగితపు కోన్, అయస్కాంతం ఉండవు. రంధ్రాలున్న రెండు స్థిరమైన పలకల మధ్య బిగించిన పలుచని ప్లాస్టిక్ పొర కంపించి శబ్దాన్ని పుట్టిస్తుంది. బాస్ పొరపై సుమారు 6,000 వోల్టులు, ట్రెబుల్ పొరపై సుమారు 1,500 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి.

యాంప్లిఫయరు నుంచి వచ్చే సిగ్నల్‌ను లోపలి ట్రాన్స్‌ఫార్మరు ఎన్నో రెట్లు పెంచి పలకలకు అందిస్తుంది. అది హద్దు మీరితే మధ్యలోని గాలి గుండా విద్యుత్తు దూకి, నిప్పురవ్వ పుట్టి, పొరకు చిల్లు పడుతుంది. ఖాళీ తక్కువగా ఉండే ట్రెబుల్ భాగానికే ఈ ప్రమాదం ఎక్కువ.

ఈ స్పీకరుకు ఇవ్వదగిన గరిష్ఠ వోల్టేజీ 33. ఎనిమిది ఓమ్‌ల లోడుకు 50 వాట్లిచ్చే యాంప్లిఫయరులో వోల్టేజీ శిఖరం సుమారు 28 వోల్టులు. అదే 100 వాట్లదైతే 40 వోల్టులు.

ఫ్యూజు పెడితే సరిపోదా? సరిపోదు. ఫ్యూజు తీగ వేడెక్కి కరిగేలోపే రవ్వ దూకేస్తుంది. అందుకే ఎదురెదురుగా కలిపిన జెనర్ డయోడ్లను స్పీకరు ఇన్‌పుట్‌కు సమాంతరంగా అమరుస్తారు. నిర్ణీత వోల్టేజీ దాటగానే అవి కరెంటును తమ గుండా మళ్లించి శిఖరాన్ని కత్తిరిస్తాయి. ఆ అదనపు కరెంటును తట్టుకునే రక్షణ యాంప్లిఫయరుకు ఉండాలి.

1981లో వచ్చిన ఈఎస్ఎల్-63లో క్వాడ్ సంస్థే రక్షణ సర్క్యూట్‌ను లోపల అమర్చింది. పాతదానికి మాత్రం 33 వోల్టులు దాటలేని యాంప్లిఫయరును ఎంచుకోవడమే తేలికైన రక్షణ.