గిటారు విద్య: గురువు నెంచుకొను విధము

గిటారు నేర్చుకొందునని పిల్లవాడు మారాము చేయగానే తల్లిదండ్రులు మొదట వాద్యము ఖరీదు విచారింతురు. పిదప పాఠమునకు నెలకెంత యని అడుగుదురు. గోపాలపూరునుండి బరంపురము సుమారు 16 కిలోమీటర్లు గనుక రాకపోకల ఖర్చును గూడ లెక్కింతురు. ఇవన్నియు అవసరమే. కాని వీటికంటె ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఆ గురువు పిల్లవాని చేతికి మాత్రమే నేర్పునా, చెవికి గూడ నేర్పునా?

ఇందుకు మన తెలుగువారిలోనే చక్కని నిదర్శనము కలదు. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేండ్ల ప్రాయముననే తండ్రిగారి మాండలిన్ చేతబట్టెను. గిటారువలె అదియు పాశ్చాత్య వాద్యమే. తొలి మెళకువలు తండ్రియే చెప్పెను. అటుపిమ్మట గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతారుగారి శిష్యులు, గాత్ర విద్వాంసులు. వారికి మాండలిన్ వాయించుట రాదు! వారు పాడెడివారు, బాలుడు విన్నదానిని తీగపై వెదకి పలికించెడివాడు. 1978లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఉత్సవములలో తొలి కచేరీ చేయునాటికి అతనికి తొమ్మిదేండ్లు. 1998లో పద్మశ్రీ లభించెను. 2014లో 45 ఏండ్లకే కన్నుమూసినను, మాండలిన్ శ్రీనివాస్ అన్న పేరు సంగీతలోకమున నిలిచినది.

అట్లని గిటారు తెలియని గురువు చాలునని నా అభిప్రాయము కాదు. శ్రీనివాస్‌కు చేతి పని చెప్పుటకు ఇంటనే తండ్రి యుండెను. ఆ భాగ్యము అందరికి నుండదు. ఎడమచేతి మణికట్టు అతిగా వంగరాదు. బొటనవ్రేలు వాద్యపు మెడ వెనుకనుండవలెను. మెట్టుమీద గాక, మెట్టుకు కొంచెము వెనుకగా తీగను నొక్కవలెను. ఇవి మొదటి నెలలలో తప్పుగా అలవాటైనచో సవరించుట బహుకష్టము. కనుక ప్రారంభమున గిటారు తెలిసినవారే కావలెను. కాని వారు పాటకు వేళ్ల స్థానములు కాగితముపై వ్రాసియిచ్చి పంపువారు మాత్రమే అయినచో, ఆరునెలలకు పిల్లవానికి నాలుగు సినిమా పాటలు వచ్చును. ఐదవ పాట తనంతట తాను పట్టుకొనుట మాత్రము రాదు.

మన ప్రాంతమువారికి మరియొక చిక్కు కలదు. బరంపురమున దొరకు గురువు ఒడియాలో పాఠము చెప్పవచ్చును. వీథిలో మాటలాడు ఒడియా మన పిల్లలకు వచ్చును గాని, సంగీతపు మాటలు వేరు. అర్థము కాకున్నను తలయూపి ఇంటికి వచ్చు పిల్లవాడు కొలది వారములలోనే ఆసక్తి కోల్పోవును. తల్లిదండ్రులు వానికి విద్య అబ్బలేదని అనుకొందురు. నిజమునకు అడ్డు వచ్చునది పేర్లే. మన శంకరాభరణపు స్వరములే హిందుస్తానీలో బిలావల్ స్వరములు. గిటారువారు మేజర్ స్కేల్ అందురు. మన కల్యాణికి దగ్గరిది యమన్, మోహనమునకు భూపాలి. ఈ పేర్లన్నియు పక్కపక్కన వ్రాసికొనుటకు నోటు పుస్తకము ఒకటి పెట్టుకొనవలెను.

పేర్లు మారినను మెట్లు మారవు. గిటారు తీగపై పండ్రెండవ మెట్టువద్ద తారస్థాయి షడ్జము వచ్చును. అచ్చట తీగ సరిగా సగమగును. వట్టితీగను షడ్జముగా గొని 2, 4, 5, 7, 9, 11, 12 మెట్లు వరుసగా మీటినచో శంకరాభరణము పలుకును. 1, 4, 5, 7, 8, 11, 12 మీటినచో మనవారు సరళీస్వరములు నేర్చు మాయామాళవగౌళ. 2, 4, 7, 9, 12 మోహనము. గమకము మాత్రము ఇట్లు అంకెలలో ఇమడదు. దానిని విని, తీగను లాగి, వ్రేలిని జార్చి సాధింపవలెను. ఇంటిలో పాట తెలిసిన అమ్మమ్మ యున్నచో ఆమె పాడగా పిల్లవాడు ఒకే తీగపై వెదకుట మేలైన సాధన. ఇందుకు రుసుము లేదు.

చేరుటకు ముందు ఒక దినము పాఠమును చూచుటకు అనుమతి అడుగుడు. శ్రుతి చేయునది గురువా, పిల్లవాడా? గురువే చేసియిచ్చినను, ఎట్లు చేసెనో చెప్పుచున్నారా? ఒక్కసారి ఎందరు కూర్చుందురు? పిల్లవాడు తప్పు వాయించినపుడు గురువు ఆపి, మరల వినిపించుచున్నారా? ఆ అరగంటలో ఇవన్నియు కనబడును. పిల్లవాడు ప్రశ్న వేయుటకు జంకని చోటు దొరికినచో, రుసుము కొంత హెచ్చైనను నేను దానినే కోరుదును.

సాధన దినమునకు ఇరువది నిమిషములు చాలును; ఆదివారము ఒక్కనాడే రెండు గంటలు కూర్చుండుటకంటె ఇది మిన్న. వ్రేళ్ల కొనలు మొదటి వారములలో నొప్పి పెట్టును, తరువాత గట్టిపడును. చిన్నవారికి పెద్ద గిటారు కొనిపెట్టి ఎదిగిన పిదప సరిపోవునని యనుకొనరాదు. ముప్పాతిక కొలతవి దొరకును. నైలాను తీగలు లేతవ్రేళ్లకు సుఖము. ఉక్కు తీగలైనచో గోపాలపూరు ఉప్పుగాలికి త్వరగా త్రుప్పు పట్టును గనుక, వాయించిన ప్రతిసారి పొడిగుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టి మూయవలెను. సముద్రమువైపు కిటికీ ప్రక్కన మేకుకు తగిలించరాదు.