మీకు తెలుసా? చెక్కకు మేకులు కొట్టి చేప కాలుస్తారు!

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో వేక్‌ఫీల్డ్ అని చిన్న ఊరు. అక్కడ ఏళ్ల తరబడి ఏప్రిల్‌లో షాడ్ చేపల విందు జరిగేది. చేపను చీల్చి, పరిచి, ఓక్ పలకకు మేకులతో బిగించి, నిప్పుల పక్కన నిలబెట్టేవారు. సెగకు గంటల కొద్దీ మగ్గేది. ఓట్లడిగే నాయకులంతా అక్కడ హాజరు వేయించుకోవాల్సిందే!

షాడ్ మన పులసకు దూరపు చుట్టం. అదీ గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదికి ఎదురీదుతుంది. ముళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా పులసను పులుసు పెట్టకుండా పలకకు కొడతామంటే గోదావరి జిల్లాల్లో ఊరుకుంటారా?

ఫిన్లాండ్‌లో సాల్మన్‌నూ ఇలాగే మంట పక్కన కాలుస్తారు. పేరు లోయ్ములోహి.

ఇళ్లలో గ్రిల్ మీదైతే సెడార్ పలక వాడతారు. గంటసేపు నీళ్లలో నానబెడితే చప్పున అంటుకోదు. అడుగు మాత్రం మెల్లగా మాడుతూ పొగ వదులుతుంది. చెక్కలోని లిగ్నిన్ వేడికి విడిపోయి గ్వాయకాల్ వంటి పదార్థాలు పుడతాయి. నోరూరించే ఆ పొగ వాసనలో వాటిదే పెద్ద వాటా.

వడ్రంగి దగ్గర మిగిలిన ముక్క తెచ్చి ప్రయత్నించేవారు మాత్రం దానికి వార్నిషో, చెదల మందో పట్టించలేదని ముందే కనుక్కోవాలి.