నీటి మీద కూర్చుని గీసిన నది

నది బొమ్మలో కనిపించే ప్రశాంతత చాలావరకు చిత్రకారుడు ఎక్కడ కూర్చుని గీశాడన్న దాన్ని బట్టి ఉంటుంది. 17వ శతాబ్దంలో హాలండ్ చిత్రకారుడు యాన్ ఫాన్ హోయెన్ నేలను బాగా కిందికి దించి, బొమ్మలో ఎక్కువ చోటు ఆకాశానికే వదిలాడు. ఆ దారిలో ఇంకా ముందుకు వెళ్లినవాడు ఫ్రాన్స్‌కు చెందిన షార్ల్ ఫ్రాన్స్వా దొబిన్యీ (1817–1878). ఆయన 1857లో ఒక పడవ మీద చిన్న గది ఏర్పాటు చేసుకుని, దాన్నే చిత్రశాలగా మార్చుకుని ఉవాజ్, సేన్ నదుల మీద తిరిగాడు.

ఒడ్డున నిలబడి గీస్తే బొమ్మ కింది భాగంలో గట్టో, పొదలో అడ్డం వస్తాయి. చూపు వాటిని దాటుకుని నీటిని చేరాలి. దొబిన్యీ చిత్రాలు చాలావాటిలో ఆ అడ్డు లేదు. నీళ్లు కింది అంచు నుంచే మొదలవుతాయి. రెండు గట్లూ దూరం పోయేకొద్దీ సన్నని పచ్చని గీతలవుతాయి. చూసేవాడు తానే పడవలో ఉన్నట్టు అనుకుంటాడు.

నీటిలో నీడను గీయడం తేలిక కాదు. గట్టు మీది తెల్లని గోడ నీటిలో కాస్త మసకబారుతుంది. నల్లని చెట్టు కాస్త వెలిసినట్టు కనిపిస్తుంది. నీడను నిలువుగా దించి, దాని మీద రెండు మూడు సన్నని అడ్డగీతలు లాగితే చాలు, నీటికి ఉపరితలం వచ్చేస్తుంది. ఆ అడ్డగీతలు ఎక్కువైతే అలలు లేస్తాయి, నెమ్మది పోతుంది.

దొబిన్యీ వివరాలు వదిలేసి, తొలిచూపు ముద్రతోనే సరిపెడుతున్నాడని 1861లో విమర్శకుడు తెయోఫిల్ గోతియే తప్పుపట్టాడు. నిజానికి దొబిన్యీ బలం అక్కడే ఉంది. ప్రతి ఆకూ గీస్తే చూపు ప్రతి ఆకు దగ్గరా ఆగుతుంది. నదితో పాటు సాగదు.

క్లోద్ మోనే కూడా 1870ల మొదట్లో ఆర్జాంతయ్‌లో ఇలాంటి పడవే సమకూర్చుకున్నాడు. అందులో కూర్చుని గీస్తున్న మోనేను 1874లో ఎదువార్ మానే చిత్రించాడు. తర్వాత 1896, 97 సంవత్సరాల్లో మోనే తెల్లవారకముందే లేచి, జివెర్నీ దగ్గర సేన్ నది ఉదయాలను వరుసగా గీశాడు. వెలుగు మారేకొద్దీ ఒక కాన్వాస్ పక్కన పెట్టి ఇంకొకటి అందుకునేవాడు. ఆ ఉదయాల పొగమంచులో చెట్టు ఎక్కడ ఆగిందో, దాని నీడ ఎక్కడ మొదలైందో తెలియదు. ఆయన కలువకొలను చిత్రాలకే ఎక్కువ పేరు వచ్చినా, ప్రశాంతతలో మాత్రం ఈ ఉదయాలదే పైచేయి.