ఆన్‌లైన్ తరగతికి కొత్త రంగులు.. మార్కులు ఎక్కడికీ పోవు

పిల్లలు రోజూ చదివే ఆన్‌లైన్ పాఠాల సైట్ ఒక్కసారిగా కొత్త రంగుల్లో కనిపిస్తే ఇంట్లో అమ్మీ, అబ్బా ముందు అడిగేది ఒకటే: ‘రాసిన పరీక్షలు, మార్కులు ఉన్నాయా, పోయాయా?’ పోవు. థీమ్ అంటే గోడకు వేసే సున్నం లాంటిది. పాఠాలు, మార్కులు డేటాబేస్‌లో వేరుగా ఉంటాయి.

చాలా విద్యాసంస్థలు వాడే మూడిల్‌నే చూద్దాం. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామస్ మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ తొలి వెర్షన్ 2002లో వచ్చింది. మూడిల్ 4లో బూస్ట్, క్లాసిక్ అనే రెండు థీమ్‌లు ముందే ఉంటాయి. అడ్మిన్‌గా లాగిన్ అయి సైట్ అడ్మినిస్ట్రేషన్, అప్పియరెన్స్, థీమ్స్ వరుసలో వెళ్లి కావలసినది ఎంచుకోవడమే. బూస్ట్ సెట్టింగ్స్‌లో బ్రాండ్ కలర్ కూడా మార్చుకోవచ్చు. అయినా పాత రంగులే కనిపిస్తున్నాయా? కాషెలు ఖాళీ చేస్తే సరి.

అసలు తిప్పలు రంగు ఎంపికలోనే. చిలకలూరిపేట, మార్టూరు వైపు మిరప కోతల రోజుల్లో ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ అమ్మతోపాటు చేలోకి పోతుంది. పిల్ల కూడా వెంట వెళ్తే చదువు గట్టు మీదే. ఆ ఎండలో లేత బూడిద అక్షరాలు తెల్లటి తెరపై ఏం కనిపిస్తాయి? మామూలు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. పెద్ద పెద్ద బొమ్మలు, కదిలే బ్యానర్లు ఉన్న థీమ్ చూడ్డానికి బాగుంటుంది గానీ డేటా తినేస్తుంది.

మన పిల్లలకు ఇంకో సంగతి ఉంది. తెలుగు ఎడమ నుంచి, ఉర్దూ కుడి నుంచి నడుస్తాయి. ఉర్దూ భాషా ప్యాక్ వేసి ఆ భాష ఎంచుకుంటే బూస్ట్‌లో మెనూలు కుడివైపుకి తిరుగుతాయి. బయట కొన్న థీమ్‌లన్నీ అలా తిరగవు, ముందే అడగాలి. భాష మారిస్తే మారేది మెనూలే, పాఠం కాదు. దాన్ని టీచరే ఉర్దూలో రాయాలి. నస్తాలీఖ్ అక్షరాలు కిందికి జారుతూ సాగుతాయి కాబట్టి వరుసల మధ్య ఎక్కువ చోటు కావాలి, లేకపోతే చుక్కలు తెగిపోతాయి.

బయటి థీమ్ వేసేముందు అది మన మూడిల్ వెర్షన్‌కు సరిపోతుందో చూసి, బ్యాకప్ తీసుకోవాలి. పరీక్షల వారంలో మాత్రం ముట్టుకోవద్దు. ముందుగా ఆఫీసు కంప్యూటర్‌లో కాదు, తక్కువ ధర ఫోన్‌లో, మిట్టమధ్యాహ్నం ఆరుబయట తెరిచి చూడాలి.