చక్రములమీది చిన్నయిల్లు



బండి పురుషుల వంతు, వంటయిల్లు స్త్రీల వంతు అని లోకమున నొక వాడుక కలదు. వంటయిల్లే బండియెక్కి ప్రయాణమైనచో నీ వంతులు నిలుచునా? దశరథుని రథమునకు చీల యూడినప్పుడు కైక తన వ్రేలిని ఇరుసున నుంచి కాపాడెనని పెద్దలు చెప్పు కథ మనమందరము విన్నదే. ఆమె రథశాస్త్రము చదివినది కాదు. కనిపెట్టవలసిన చోటు నెరిగినది, అంతియే. మోటారువెనుక లాగుకొనిపోవు చిన్న యింటిబండిని మిట్టపల్లముల దారికి తగునట్లు ఎత్తు చేయించునప్పు డిల్లాలు కనిపెట్టవలసిన సంగతులను, మేము పొరపాటుపడి నేర్చుకొన్నవానిని, ఇచ్చట విన్నవించుచున్నాము.

చక్రములమీది యిల్లు మనకు క్రొత్తది కాదు. వెదురుబద్దలతో గూడు కట్టి, గడ్డి పరచి, పొయ్యిరాళ్లను, బియ్యపుమూటను, పసిపిల్లలను ఎక్కించుకొని ఎడ్లబండ్లమీద మేడారము జాతరకు పోవుట మా ప్రాంతమున తరతరములుగా వచ్చుచున్న యాచారము. రెండేండ్ల కొకసారి మాఘపున్నమ దినములలో సమ్మక్క సారలమ్మలు గద్దెల కెక్కు ఈ జాతర 1996లో రాష్ట్రపు పండుగగా ప్రకటింపబడినది. పాశ్చాత్యులలోను చక్రములమీది యిండ్లయందు మక్కువ పూర్వమునుండియు కలదు. 1885లో ఇంగ్లండున గోర్డన్ స్టేబుల్స్ అను వైద్యుడు గుర్రములు లాగు ఒక యింటిని బ్రిస్టలు నగరమున కట్టించుకొని, దానికి ‘వాండరర్’ అని పేరిడి దేశము తిరిగెను. 1959లో వాలీ బయమ్ అను అమెరికాదేశస్థుడు మోటారుబండ్లు లాగు యిండ్ల గుంపును వెంటబెట్టుకొని ఆఫ్రికాఖండమున కేప్‌టౌను నుండి కైరోకు బయలుదేరెను. ఎవరెంత దూరము పోయినను దారి చెడ్డదైనచో చిక్కు ఒక్కటియే: చక్రములకును నేలకును కుదిరినగాని యిల్లు కదలదు. కర్ణునంతవాని రథచక్రమునే భూమి మ్రింగినది కదా!

మా మామగారు మిలిటరీవారి పాత జీపు ట్రెయిలరు నొకదానిని చాలకాలము క్రిందట వేలములో కొని, దానిమీద టేకుచట్రముతోను రేకుకప్పుతోను చిన్నగదిని కట్టించిరి. ఇరువురు పండుకొనుటకు బల్ల, ఒక అలమర, వెనుక నేలక్రింద స్టవ్వు పెట్టె, ఇంతే దాని సంపద. మా అత్తగారికి మోకాళ్ల నొప్పి. ఆమె యడుగెత్తి యెక్కుటకు వీలుగా ఆయన పెద్దచక్రములు తీయించి చిన్నకారు చక్రములు వేయించిరి. కమాను కట్టల క్రిందనున్న ఇరుసును వానిపైకి మార్పించి బండిని మరింత దింపించిరి. అందుచే నేలనుండి గడప 18 అంగుళములే యుండెను. గోదావరిఖని క్వార్టర్లనుండి కాళేశ్వరమునకును ధర్మపురికిని ఆ బండిలో సామానుతో మే మెన్నిమారులు పోయితిమో!

అయితే 2022 జాతరకు పోవునప్పుడు మంథని, కాటారము దాటి అడవిదారి పట్టితిమి. ఒక వాగులోనికి దిగి ఒడ్డెక్కుచుండగా బండి వెనుకభాగము నేలకు రాచుకొని స్టవ్వుపెట్టె యూడిపోయినది. మరికొంతదూరమున రెండు చక్రపుగాళ్ల నడుమ నిక్కియున్న రాయి ఇరుసును కొట్టి వంచినది. మా అత్తగారు ఆమె యెత్తు బంగారము మ్రొక్కుకొనియుండిరి. మేడారమున బెల్లమును బంగారమందురు. తమ బరువునకు సరిగా తూచి అమ్మవార్ల కర్పింతురు. ఆ యేడు తూచిన బెల్లము చెట్లక్రిందనే చీమల పాలయ్యెను; మేము వెనుకకు మరలితిమి.

ఇల్లు లేచెను, ఇరుసు లేవలేదు

తిరిగివచ్చినంతనే మా మరది బండి నొక షెడ్డునకు పంపెను. అచ్చటివారు వంగిన ఇరుసును సాగగొట్టి, కమాను కట్టల పైనుండి మరల క్రిందికి మార్చి, యూ బోల్టులు బిగించి యిచ్చిరి. ఇరుసు మందమును కమాను కట్ట మందమును కలిసి బండి 5 అంగుళములు లేచినది. అందరును సంతోషించిరి. సింగరేణి గనులలో టబ్బుల చక్రములును ఇరుసులును బాగుచేసి పదవివిరమణ చేసిన ఫిట్టరు ఒకాయన మా వీధిలో నున్నారు. ఆయన వంగి చూచి, “ఇల్లు లేచిందమ్మా, ఇరుసు లేవలేదు” అనిరి.

ఆ మాటలో మొత్తము శాస్త్ర మిమిడియున్నది. బండిని ఎత్తుచేయు మార్గములు ముఖ్యముగా మూడు. గదికిని చట్రమునకును నడుమ దిమ్మలు పెట్టుట మొదటిది. దానివలన గది మాత్రమే లేచును, చట్రము లేవదు. ఇరుసును కమానుల క్రిందికి మార్చుట రెండవది. దానివలన చట్రమును, వెనుకభాగమును లేచి, వాగు ఒడ్డున రాచుకొనకుండును. కాని ఇరుసు నేలకు మునుపెంత యెత్తున నుండెనో అంతయెత్తుననే యుండును. ఇరుసును లేపగలది మూడవమార్గమైన పెద్దచక్ర మొక్కటియే. అదియును పెంచిన వ్యాసములో సగమే లేపును. 20 అంగుళముల చక్రము తీసి 24 అంగుళములది వేసినచో లాభము 2 అంగుళములు. దారినడుమ రాయి తగులునది ఇరుసునకు గాని గదికి కాదు కనుక, రెండవదానితో మూడవది చేర్చినగాని మాకు పని జరుగదని తేలినది.

మరియొక సంగతియు ఆయనయే చెప్పిరి. కొన్ని ఇరుసులు నడుమ కొంచెము విల్లువలె పైకి వంచి చేయబడియుండును. అట్టిదానిని తలక్రిందులుగా త్రిప్పి బిగించినచో చక్రములు వాలి టైరు లొకప్రక్కనే అరిగిపోవును. ఇరుసును త్రిప్పక, కమానులు కూర్చుండు పీటలనే క్రొత్తగా వెల్డింగు చేయవలెను. ఒకమారు వంగి సాగగొట్టిన ఇరుసును నమ్మరాదని మాది మార్పించితిమి. లాగు జీపు చక్రముల యెడము 54 అంగుళములు, మాది 48 అంగుళములు. క్రొత్త ఇరుసును 54 అంగుళములకే చేయించుటచే బండి చక్రములు జీపు తొక్కిన గాడిలోనే వచ్చుచున్నవి. దీనివలన గలిగిన రెండవ లాభము నిక చెప్పెదము.

ఎత్తునకు చెల్లించు మూల్యము

నడుముమీద బిందె పెట్టుకొన్న స్త్రీ కన్న తలమీద బిందె పెట్టుకొన్న స్త్రీ జాగ్రత్తగా నడువవలెను. బండియు నంతే. బరువంతయు నొకచోట కూడినదని భావింపదగిన స్థానమును గురుత్వకేంద్ర మందురు. మా బండికి మొదట అది నేలకు 34 అంగుళముల యెత్తున నుండెను. చక్రముల యెడములో సగము 24 అంగుళములు. అట్టి బండి నిలిచియుండగా ప్రక్కకు 35 డిగ్రీలు వాలువరకు పడదు. 7 అంగుళములు లేపగా 30 డిగ్రీలకే పడును. కదలు బండికి గోతుల కుదుపును మలుపుల విసురును చేరి ఇంకను తక్కువ వాలుననే ముప్పు వచ్చును. యెడము పెంచి సగమును 27 అంగుళములు చేసి, పై అలమరలోని ఇత్తడిసామానును, ఇనుపపెట్టెను, నూనెడబ్బాను నేలకు దింపగా పోయిన భద్రతలో చాలభాగము తిరిగివచ్చెను. ఈ దింపుడు పని షెడ్డువారు చేయరు. సామాను సర్దుకొను మనమే చేయవలెను.

బరువు ముందు వెనుకలను గూడ చూడవలెను. బండి ముక్కు, అనగా జీపుకొక్కెమున తగులుకొను భాగము, మొత్తము బరువులో పదవవంతు మొదలు ఏడవవంతు వరకు మోయవలెను. వెనుక బరువెక్కువై ముక్కు తేలికయైనచో బండి పాము తోకవలె ఊగి జీపునే ఈడ్చివేయును. మా బండి సామానుతో 500 కిలోలు. ముక్కున 50 నుండి సుమారు 71 కిలోలుండవలెను. బంగారము తూచు కాటామీదనే ముక్కునుంచి తూచితిమి. 30 కిలోలే తూగినది! వెనుకనున్న నీళ్లడబ్బాలను ఇరుసునకు ముందువైపు నేలమీదికి మార్చగా 55 కిలోలైనది.

ఇల్లు లేచినపుడు జీపుకొక్కెము మునుపటి యెత్తుననే యున్నచో బండి ముందుకు వంగి యేడ్చుచున్నట్లుండును. కొక్కెమును కూడ తగినంత లేపించి బండి నేలకు సమముగా నుండునట్లు చేయించితిమి. ముక్కుక్రింద రెండు గొలుసులు ఒకదానిమీద నొకటి అడ్డముగా పోవునట్లు తగిలింపవలెను. కొక్కెము జారినను ముక్కు నేలబడక గొలుసుల యుయ్యాలలో నిలుచును. బేరింగులలో గ్రీజు, టైరులలో గాలి బయలుదేరుటకు ముందును, యూ బోల్టులు, చక్రపు నట్లు మొదటి 50 కిలోమీటర్ల లోపలను మరల బిగించి చూడవలెను. క్రొత్తగా బిగించినవి మొదట సడలుట సహజము.

ఎవరును లెక్కింపని మెట్టు

ఇంతయు నయిన పిదప బండిని ఇంటిముందు నిలిపి కొబ్బరికాయ కొట్టిరి. మా అత్తగారు వచ్చి గడపవైపు చూచి ఊరకుండిరి. 18 అంగుళముల గడప 25 అంగుళములైనది. “నేను రానులే, మీరు పోయిరండి” అనిరి. ఆమె కొరకు బండిని దింపిన మామగారు లేరు. ఆమె మ్రొక్కు కొరకే బండిని లేపిన మాకు ఆమె మోకాలు జ్ఞాపకము రాలేదు. మేము సిగ్గుపడితిమి.

మరునాడు ఫిట్టరుగారు రెండు మడతమెట్లు చేసియిచ్చిరి. ఒక్కొక్క యడుగు 8 అంగుళముల పైచిల్లర మాత్రమే యుండును. ప్రయాణమున మెట్లు గడపకు మడిచి చీల వేయుదుము. క్రింద వ్రేలాడనిచ్చిన మొదటి రాయియే వానిని తీసికొనిపోవును. గడపప్రక్క చేతిపట్టు కడ్డీని కూడ బిగించితిమి.

ఇల్లు నిలిచినప్పుడే యిల్లు

ఒక్క సంగతి గట్టిగా చెప్పవలసియున్నది. లాగుచున్న బండిలో మనుష్యులు కూర్చుండరాదు, పసిపిల్లలసలే కూర్చుండరాదు. 2018లో యాదాద్రి జిల్లా వలిగొండ మండలమున కూలిపనికి స్త్రీలను తీసికొనిపోవు ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిమందికిపైగా ప్రాణములు కోల్పోయిరి. ట్రెయిలరు సామానునకే గాని మనుష్యులకు కాదు. ప్రయాణమున మేమందరము జీపులోనే కూర్చుండి, బండి నిలిచిన పిదపనే అందు ప్రవేశింతుము. బండి రూపమును మార్చుటకు ముందు రవాణాశాఖవారి యనుమతి పొందవలెనని 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనున నున్నది. మొదటిమా రడుగక చేయించుట మా తప్పు. రెండవమారు అడిగియే చేయించితిమి.

2024 ఫిబ్రవరిలో జాతరకు మరల పోయితిమి. మంథనిలో ఆగి నట్లు బిగించితిమి. రెండు నట్లు సడలియుండెను. అడవిదారిలో అదే వాగు వచ్చినది. అందరము దిగి నడచితిమి. జీపును బండియు నెమ్మదిగా ఒడ్డెక్కినవి. వెనుకభాగమునకును నేలకును నడుమ జానెడు సందుండుట మా కన్నులార చూచితిమి. జంపన్నవాగు దగ్గర విడిది చేసిన రాత్రి మా అత్తగారు కడ్డీ పట్టుకొని, ఒక్కొక్క మెట్టుమీద నొక్క నిమిషము నిలిచి, ఎవరి చేయియు నందుకొనక పైకెక్కిరి. మరునాడు ఆమె యెత్తు బంగారము గద్దెలకు చేరినది.

కావున సోదరీమణులారా, మీ యింట బండి నెత్తుచేయింపదలచినచో షెడ్డుకు పంపుటకు ముందే నాలుగు ప్రశ్నలడుగుడు: లేచునది ఇల్లా, ఇరుసా? బరువు లెచ్చట నుండును? కొక్కెము సమముగా నుండునా? ఇంటిలో అందరికన్న పెద్దవా రెట్లెక్కుదురు? కడపటిదానిని మరచినచో తక్కిన మూడును సరిగా జరిగినను బండి బయలుదేరునే గాని ఇల్లు బయలుదేరదు.