మాస్టర్ ప్లాన్‌లో మీ పొలం ఏ రంగులో ఉంది? గరివిడి రైతులు తెలుసుకోవాల్సిన విషయాలు

గరివిడి చుట్టుపక్కల పల్లం భూమిలో వరి, మెట్టలో మొక్కజొన్న, గోగు, తోటల్లో మామిడి, జీడి పండిస్తున్నాం. అదే ప్రాంతంలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం, మాంగనీసు గనులు, పశువైద్య కళాశాల, రైల్వే స్టేషన్ ఉన్నాయి. ఇలాంటి చోట చేను పక్కన ఒకరోజు కాలనీ రావచ్చు, ఇంకొకరోజు ఫ్యాక్టరీ షెడ్డు రావచ్చు. ఏ సర్వే నంబరులో ఏది కట్టవచ్చో, ఏది కట్టకూడదో చెప్పే నిబంధనలనే జోనింగ్ అంటారు. ఈ నిబంధనలు చేసేటప్పుడు మాట్లాడడానికి రైతుకి ఒక గడువు ఉంటుంది. ఆ గడువు దాటాక మార్పించుకోవడం చాలా కష్టం. అందుకే ముందుగా తెలుసుకోండి.

జోన్ అంటే ఏమిటి?

మాస్టర్ ప్లాన్ అంటే రాబోయే 20 ఏళ్లలో ఒక ప్రాంతం ఎలా పెరగాలో చూపే పటం, దానితో పాటు వచ్చే నిబంధనలు. పటంలో నివాస, వాణిజ్య, పరిశ్రమల, వ్యవసాయ జోన్లకు వేర్వేరు రంగులు వేస్తారు. రోడ్లు, చెరువులు, గెడ్డలు కూడా గుర్తిస్తారు. ఏ రంగు దేనికో పటం అంచున ఉన్న సూచికలో చూడాలి. పటంలో ఆకుపచ్చగా ఉందని మన పొలానికి ఢోకా లేదనుకోవద్దు. అది వ్యవసాయ జోన్ కావచ్చు, పార్కు కోసం ఉంచిన స్థలమూ కావచ్చు. రెండింటికీ చాలా తేడా ఉంది.

ఏ జోన్ వేసినా ఇప్పుడు చేస్తున్న సాగు ఆపమని ఎవరూ అనరు. చిక్కు తర్వాత వస్తుంది. పిల్లల పెళ్లికో చదువుకో అర ఎకరం అమ్మాలన్నా, పొలంలో ఇల్లు కట్టాలన్నా, కోళ్ల షెడ్డు వేయాలన్నా జోన్ అడ్డు రావచ్చు.

ఎవరు తయారు చేస్తారు?

మన ప్రాంతంలో పట్టణ ప్రణాళికకు మూలం 1920 నాటి మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం. ఇప్పుడు అభివృద్ధి సంస్థలకు 2016 నాటి ఆంధ్రప్రదేశ్ మెట్రోపాలిటన్ రీజియన్, పట్టణాభివృద్ధి సంస్థల చట్టం వర్తిస్తుంది. విజయనగరం జిల్లాలో విశాఖ కేంద్రంగా ఉన్న వీఎంఆర్‌డీఏకి, బొబ్బిలి పట్టణాభివృద్ధి సంస్థకి పరిధి ఉంది. మీ రెవెన్యూ గ్రామం ఎవరి పరిధిలో ఉందో సచివాలయంలో మొదట అడగండి.

ఏ సంస్థ పరిధిలోనూ లేని గ్రామంలో లేఅవుట్ వేయాలంటే టౌన్ ప్లానింగ్ శాఖ సాంకేతిక ఆమోదం, ఆపైన పంచాయతీ అనుమతి కావాలి. వీటన్నిటి మీదా రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ పర్యవేక్షణ ఉంటుంది. మాస్టర్ ప్లాన్‌కి తుది ఆమోదం ఇచ్చేది ప్రభుత్వమే.

ముసాయిదా సమయమే ముఖ్యం

ముందుగా సర్వే చేసి ముసాయిదా పటం తయారు చేస్తారు. దాన్ని ప్రకటించి అభ్యంతరాలు, సలహాలు కోరతారు. వాటిని పరిశీలించి, మార్పులు చేసి ప్రభుత్వానికి పంపుతారు. ఆమోదించి ప్రకటించాక ప్లాన్ అమలులోకి వస్తుంది. వీఎంఆర్‌డీఏ 2041 మాస్టర్ ప్లాన్ ముసాయిదాను 2021లో ఇలాగే ప్రకటించి అభ్యంతరాలు తీసుకున్నారు.

ప్రకటన పత్రికలోనో వెబ్‌సైటులోనో వస్తుంది. ఊళ్లో దండోరా వేస్తారని ఎదురుచూస్తే గడువు దాటిపోతుంది.

తెలంగాణలోని కామారెడ్డిలో జరిగింది గుర్తుంచుకోండి. పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ సాగు భూములను పరిశ్రమల జోన్‌లో చూపారని చుట్టుపక్కల గ్రామాల రైతులు ఆందోళనకు దిగారు. చివరికి 2023 జనవరిలో ఆ ముసాయిదాను రద్దు చేయాలని మున్సిపల్ కౌన్సిల్ తీర్మానించింది. అది ఇంకా ముసాయిదాగా ఉండగానే రైతులు కదిలారు. ప్రభుత్వ ఆమోదం పొందిన ప్లాన్ అయితే కౌన్సిల్ తీర్మానం ఒక్కటే సరిపోయేది కాదు.

తుది ప్లాన్ వచ్చాక ఒక్క సర్వే నంబరు జోన్ మార్చాలన్నా దరఖాస్తు, రుసుము, పత్రికా ప్రకటన, అభ్యంతరాల గడువు, ప్రభుత్వ ఉత్తర్వు, ఇలా అన్నీ దాటాలి. మీ పక్క భూమికి ఎవరైనా జోన్ మార్పు కోరినా ప్రకటన రావాల్సిందే. సాధారణంగా 15 రోజుల గడువు ఇస్తారు. ఆలోగా మీరు కూడా అభ్యంతరం చెప్పవచ్చు.

రైతులు పొరబడే మూడు విషయాలు

నాలా వేరు, జోన్ వేరు. వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చే నాలా చట్టం 2006లో వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం 2025లో దాన్ని రద్దు చేసి, అనుమతుల సమయంలో అభివృద్ధి రుసుము తీసుకునే పద్ధతి తెచ్చింది. గతంలో నాలా రుసుము కట్టి ఉన్నా అది రెవెన్యూ పని మాత్రమే. దానితో మాస్టర్ ప్లాన్‌లో జోన్ మారదు.

పటంలో రోడ్డు గీత పడితే భూమి పోయినట్టు కాదు. ప్రభుత్వం భూమి తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం ఇవ్వాలి, లేదా మీ ఒప్పుదలతో తీసుకోవాలి. అయితే ఆ గీత మీద కట్టడాలకు అనుమతి రాదు.

చెరువు పక్కన కట్టడాలకు దూరం పాటించాలి. 2017 భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకి పూర్తి నీటి మట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకి 9 మీటర్లు వదలాలి. చెరువు నిండినప్పుడు నీరు ఎక్కడి దాకా వస్తుందో ఆ హద్దు నుంచి కొలవాలి. ఎండాకాలంలో కనిపించే గట్టు నుంచి కాదు.

పరిశ్రమ వస్తుంటే

జోన్ కుదిరినంత మాత్రాన ఫ్యాక్టరీ పెట్టలేరు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కూడా ఉండాలి. 2006 పర్యావరణ ప్రకటన కిందికి వచ్చే చాలా పెద్ద పరిశ్రమలకు, గనులకు 30 రోజుల ముందు నోటీసు ఇచ్చి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. అక్కడ చెప్పిన మాట రికార్డులోకి ఎక్కుతుంది. వెళ్లి మాట్లాడండి, రాతపూర్వకంగా కూడా ఇవ్వండి.

ఇప్పుడే చేయాల్సిన పనులు

1. అడంగల్, 1బి, సర్వే పటం నకలు దగ్గర పెట్టుకోండి. రీసర్వే అయిన గ్రామమైతే పాత సర్వే నంబరు, కొత్త ఎల్‌పీ నంబరు రెండూ రాసి ఉంచుకోండి. మాస్టర్ ప్లాన్ పటంలో పాత నంబరే ఉండవచ్చు.

2. అభివృద్ధి సంస్థ కార్యాలయంలో మీ సర్వే నంబరుకి భూవినియోగ ధ్రువపత్రం అడగండి. భూమి కొనేవారు బయానా ఇచ్చే ముందే ఇది చూడాలి.

3. అభ్యంతరం రాస్తే సర్వే నంబరు, విస్తీర్ణం, నీటి వసతి, పంట, మీరు కోరే మార్పు స్పష్టంగా రాయండి. నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

4. ఒకే ఆయకట్టు రైతులు విడివిడిగా అర్జీలు పెట్టండి, గ్రామసభలో తీర్మానం కూడా చేయించండి.

5. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద మీ అర్జీపై ఏం నిర్ణయం తీసుకున్నారో అడగండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

పటం గీసేవారికి మీ చేను ఒక నంబరు మాత్రమే. అందులో బోరు ఉందని, రెండు పంటలు పండుతాయని, పై చెరువు అలుగు నీరు దాని గుండానే పారుతుందని తెలిసింది మీకే. ఆ మాట గడువులోగా కాగితం మీద పెట్టండి.